తలుపు కాగితానికి చిల్లు

సోల్మె ఊరి చివరింటి మాటెత్తితే ఎవరూ వాక్యం పూర్తి చెయ్యరు. "ఆ ఇల్లా..." అని ఆగిపోతారు. అక్కడ పడుకున్నవాళ్ళు పొద్దున లేవరని పేరు. గ్యాసు బండి మనిషి కూడా సిలిండరు మలుపు దగ్గరే దించేసి, హారన్ కొట్టి వెళ్ళిపోతాడు.

ఆ ఇంటినే మా బోరం అక్క, తేసొక్ బావ కొన్నారు.

ఇదంతా అక్క చెప్పగా విన్నదే. నా కళ్ళతో చూసింది చివర్లో ఒక్కటే. అది చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అందుకే రాస్తున్నాను.

సియోల్‌లో అద్దె ఇల్లు వదిలేసి, ఉన్నదంతా ఇందులో పోశారు. వెనక్కి వెళ్దామన్నా చోటు లేదు. వసంతంలో మొదలైన పని మంచు కాలం వచ్చినా తెమల్లేదు. గోడ మీద కాగితం పీకితే కింద ఇంకో పొర, దాని కింద పాత పేపర్లు, దాని కింద రాలిపోయే మట్టి. దొడ్లో కలుపు పీకితే రాళ్ళు, రాళ్ళు తీస్తే అంతకన్నా పెద్ద రాళ్ళు. సాయంత్రం అన్నం గిన్నెల ముందు కూర్చుని, తినే పుల్లలు ఎత్తలేక ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళట.

"అసలెందుకొచ్చాం మనం?"

"ప్రశాంతంగా ఉంటుందని నువ్వేగా అన్నావు."

"నేనన్నానా..."

పోట్లాడుకునే ఓపిక కూడా లేదు.

ఒక్క గది మాత్రం పూర్తయింది. నేల కింద రాతి పలకలు, గోడకి అవతల పొయ్యి. అందులో బొగ్గు దిమ్మెలు పెడితే వేడి పలకల కిందుగా పాకి గదంతా వెచ్చబడుతుంది. అక్కకి చలి అస్సలు పడదు. కనబడ్డ సందల్లా మూసేసింది. అక్కడి పాత ఇళ్ళ తలుపులకి పలక బదులు చట్రం మీద కాగితమే ఉంటుంది; దానికి కొత్త కాగితం అంటించి, పిడి పక్కన ఎండు పూలు పెట్టి అతికించింది. ఆ ఇంట్లో తను ఇష్టంగా చేసిన పని అదొక్కటేనట.

మర్నాడు పొద్దున... ఆ పూల పక్కనే చిల్లు.

వేలంత చిల్లు.

"పిల్లి" అన్నాడు బావ.

"పిల్లికి వేళ్ళుంటాయా?"

"ఈ ఊరి పిల్లి కదా, ఉంటాయేమో."

అతికించింది. మర్నాడు మళ్ళీ చిల్లు. మళ్ళీ అతికించింది. మళ్ళీ... అదే చోట. ఎక్కడా చిరుగు లేదు, గీరు లేదు. గుండ్రంగా, నిదానంగా పెట్టిన చిల్లు.

దీనికి తోడు ఇద్దరికీ పొద్దున్నే తల బరువు, కడుపులో తిప్పు. పని అలసటే అనుకున్నారు. అన్నిటికీ అదే కారణం చెప్పుకోవడం అప్పటికే అలవాటైపోయింది.

ఒక రాత్రి అక్క పడుకోలేదు. దీపం ఆర్పి తలుపు ముందే కూర్చుంది. ఉంటే ఈ ఇంట్లోనే ఉండాలి, లేకపోతే తెల్లారేసరికి వదిలేసి పోవాలి — ఏదో ఒకటి తేల్చుకోవాలనుకుంది. బావ గురక. బయట వెన్నెల.

చాలాసేపటికి... అడుగుల చప్పుడు. ఈడ్చుకుంటూ... ఆగుతూ... అరుగు దాకా వచ్చి ఆగిపోయింది.

తలుపు కాగితం మీద తడి మరక ఒకటి పుట్టింది. మెల్లగా పెద్దదైంది. మధ్యలోంచి, ఏ చప్పుడూ లేకుండా, వేలి కొన లోపలికొచ్చింది.

అక్క ఏమనుకుందో ఏమో — ఆ వేలిని గట్టిగా పట్టేసుకుంది.

మంచులా చల్లగా ఉంది. ఎముకే ఉంది.

"వదలవే తల్లీ, విరుగుద్ది!"

వాలు కింద ఇంట్లో ఉండే కంగోల్ అవ్వ! తలుపు తీస్తే నడుం రెండుగా వంగి, వేలు ఊదుకుంటూ నిలబడి ఉంది.

"ఏంటవ్వా ఇది? చచ్చిపోయాం భయంతో!"

"చావకూడదనే వచ్చానే" అంది అవ్వ. అరుగు మీద కూలబడి, మోకాళ్ళు రుద్దుకుంది. తర్వాత గుసగుసగా చెప్పింది.

"నా స్నేహితురాలు సునొక్ పెళ్ళి ఈ ఇంట్లోనే అయింది. పెళ్ళిరాత్రి తలుపు కాగితానికి ఉమ్మి తడి పెట్టి, చిల్లు పొడిచి తొంగిచూడ్డం మా అల్లరి. తడిపితే కాగితం చప్పుడు చెయ్యదు. ఆ రాత్రి పెళ్ళికొడుకు నాయనమ్మ కర్ర పట్టుకుని ఇదిగో, ఇక్కడే కూర్చుంది. 'ఎవత్తయినా చిల్లు పెడితే వేలు విరిచేస్తా' అంది. నవ్వుకుంటూ పోయాం. కొత్త జంటకి చలేస్తుందని పొయ్యి నిండా బొగ్గు వేశారు..."

పక్కనున్న తలుపు కాగితాన్ని వేలితో తడిమింది.

"పొద్దున తలుపు తీస్తే ఇద్దరూ పడుకున్నట్టే ఉన్నారు. బుగ్గలు ఎర్రగా... బొగ్గు గాలికి వాసన ఉండదే. ఒక్క చిల్లు పెట్టినా..."

బావ లేచి వచ్చి అంతా విన్నాడు. అవ్వని చెయ్యి పట్టి ఇంటిదాకా దింపొచ్చాడు. "రేపే పొగగొట్టం చూస్తానవ్వా. అప్పటిదాకా కిటికీ తీసే ఉంచుతాం" అని మాటిచ్చాడు.

ఆ రేపు వచ్చేసరికి పెంకులు జారాయి. ఆ మర్నాడు నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. తర్వాత మంచు మొదలైంది. కిటికీలోంచి కోసే చలి. ఆ రాత్రి బావ కిటికీ మూసి, తలుపుకి రెండు పొరల కాగితం అంటించి, పక్క మీద వాలిపోయాడు. అక్క చూసింది. వద్దనే ఓపిక లేక కళ్ళు మూసుకుంది.

ముఖానికి సన్నటి చలిగాలి తగిలి మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్ళు లేవలేదు. తల పగిలిపోతోంది. బావని ఎంత కుదిపినా పలకలేదు. చంకల కింద చేతులు వేసి, పాకుతూ, ఈడ్చుకుంటూ అరుగు మీదికి లాక్కొచ్చింది. మంచులో పడ్డాక ఆయన మూలిగాడు.

తెల్లారాక కంగోల్ అవ్వ, కర్ర పొడుచుకుంటూ, ఊరేసిన ముల్లంగి చల్లటి పులుపు నీళ్ళు పట్టుకొచ్చి ఇద్దరిచేతా తాగించింది. బొగ్గు గాలి పీల్చినవాళ్ళకి పెద్దవాళ్ళు పట్టించేది అదే.

"రాత్రి నువ్వు రాకపోతే పోయేవాళ్ళం అవ్వా" అంది అక్క ఏడుస్తూ.

"నేనా? ఈ మంచులో నా మోకాళ్ళకి గడప దాటడమే గొప్ప. నేను రాలేదే."

అరుగు కిందంతా తెల్లటి మంచు. బావ పడ్డ గుంట, అవ్వ ఇప్పుడు వచ్చిన అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

అందరూ తలుపు వైపు తిరిగారు. రెండు పొరల కాగితానికీ అదే చోట కొత్త చిల్లు. అవ్వ దగ్గరికెళ్ళి చూసింది. చూసి, తన వేలు గుప్పిట్లో దాచుకుంది.

"నేను పొడిస్తే కాగితం లోపలికి వంగుద్ది" అంది మెల్లగా.

ఇది బయటికి వంగింది.

మొన్న వసంతంలో నేను వెళ్ళాను. పొగగొట్టం కొత్తది. దొడ్లో ఉల్లికాడలు వేశారు. అక్క తలుపు చూపించింది. పక్కపక్కనే రెండు చిల్లులు, ఒకటి తర్వాత అవ్వ తన కణుపుల వేలితో పొడిచిన లావుపాటిది, ఒకటి ఆ మంచు రాత్రిది, సన్నటిది. మూయలేదు. చుట్టూ ఎండు పూలు అతికించింది.

ఆ రాత్రి నన్ను ఆ గదిలోనే పడుకోమన్నారు. అందరూ నిద్రపోయాక, ఉండబట్టక, సన్నటి చిల్లులో నా వేలు పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

కాగితం అంచు ఇంకా తడిగా ఉంది.