కుడి మణికట్టు మీద బావి

త్రిమూర్తులు దేవుడికి హారతి ఇస్తుండగా కుడి మణికట్టు బిగిసింది. ఆయన పళ్లెం దించకుండానే "నలభై రెండు" అన్నాడు. అక్కడికి ఆరు మైళ్ల దూరాన, మూడు కిలోమీటర్ల లోతున, తొమ్మిదో నంబరు చమురు బావిలో పంపు నెమ్మదించింది. ఆయన శ్లోకం ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి అందుకున్నాడు.

కోనసీమలో ఇప్పుడు చమురు బావుల దగ్గర మనుషులుండరు. మణికట్టుకు తొడుక్కునే ద్రవకంకణం వచ్చాక ఒక్కో బావి ఒక్కో ఇంటికి చేరింది. పంపులోకి వచ్చే ద్రవం చిక్కబడితే కంకణం మణికట్టును నొక్కుతుంది. గ్యాసు కలిస్తే చురుక్కుమంటుంది. ద్రవం తీరు మారడాన్ని యంత్రం లెక్క కట్టేలోపే మనిషి చర్మం పసిగడుతుందని తేలింది మరి. పంపు ఎంత వేగంతో తిరగాలో అంకె పలికితే చాలు, కంకణం దాన్ని బావికి చేరుస్తుంది. వంట చేస్తూ, పెళ్లి పంక్తిలో భోంచేస్తూ ఎవరైనా ఓ అంకె పలికితే ఇప్పుడెవరూ వింతగా చూడరు.

చమురూ నీళ్లూ కలిసి పంపు చక్రాల మధ్య పడితే, చిలికిన మీగడలా ముద్ద కడతాయి. అప్పుడు వేగం తగ్గించాలి. గ్యాసున్న పల్చటి చమురు వస్తున్నప్పుడు తగ్గిస్తే మాత్రం గ్యాసు పంపులోనే తిష్ఠ వేస్తుంది. ద్రవం పైకి కదలదు. మోటారును చల్లబరిచేది పక్కనుంచి పారే ఆ ద్రవమే కాబట్టి, అది ఆగితే మోటారు కాలిపోతుంది. ఈ సంగతులన్నీ బావుల సంస్థ వాళ్లు ఒక పట్టికగా ఇచ్చి ఆరు నెలలు నేర్పారు. త్రిమూర్తులు శ్రద్ధగా నేర్చుకున్నాడు. శుక్రవారం కంకణానికి కుంకుమ బొట్టు కూడా పెడతాడు.

ఆయన భార్య హైమావతికి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది. ఎడమ చేయి ఒక్కటే ఆడుతుంది. ఏం కావాలన్నా ఆ చేత్తో భర్త చేయి పట్టుకునేది. మొదట్లో ఆ పట్టును బట్టే ఆయనకు తెలిసిపోయేది.

పదింటికి బావుల సంస్థ ఇంజినీరు వసుధ వచ్చింది.

"బాబాయ్ గారూ, ఈ నెలలో పంతొమ్మిది సార్లు ద్రవం పల్చగా ఉండగా వేగం తగ్గించారు. మోటారు నేడో రేపో కాలేలా ఉంది. ఇంకొక్కసారి జరిగితే బావిని మీ దగ్గర ఉంచరు."

"అబద్ధమాడతానా అమ్మాయిగారూ? బిగిసింది, తగ్గించానండి."

ఆమె కంకణాన్ని పరీక్షించింది. "ఇది బాగానే ఉందండి."

"అయితే చెయ్యి పాడైందంటారు. అరవై ఏళ్ల సరుకండి ఇది. ఊడదీసి మీ వర్క్‌షాపుకి పట్టుకుపోండి."

వసుధ నవ్వింది. "ముందు నా ఎదురుగా ఓ గంట నడపండి."

ఆయన ఎప్పటిలాగే హైమావతి మంచం పక్కన, మంచానికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. వసుధ తన తెర చూస్తోంది. అరగంట గడిచింది.

"అదిగోనండి, బిగిసింది! నలభై..."

"ఆగండి! పల్చగానే ఉంది." వసుధ తల ఎత్తింది. ఎత్తి అలాగే ఉండిపోయింది.

హైమావతి ఎడమ చేయి మంచం అంచు దాటి వచ్చి, కంకణాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.



"ఇది నన్ను పిలుస్తోందన్నమాట," అన్నాడు త్రిమూర్తులు భార్య వైపు తిరిగి. "నేను బావికి జవాబు చెప్తన్నాను."

ఆయన కంకణం విప్పబోయాడు.

"తీసేస్తే బావి ఇంకో ఇంటికి పోతుంది బాబాయ్ గారూ. మళ్లీ మీకివ్వరు."

"పోనివ్వండి."

వసుధ బావిని వేరే ఇంటికి మార్చింది. ఆయన కంకణం తీసేసి ఉత్త చేయి భార్యకు అందించాడు. ఆమె పట్టుకుంది. రెండుసార్లు మెల్లగా, ఒకసారి చాలాసేపు నొక్కింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. చమురులో నీరు ఏ పాళ్లలో ఉందో ఇంత పట్టుతోనే చెప్పగలిగేవాడు. ఇప్పుడు కూడా ముందు తోచింది అదే. తర్వాత ఇంకేమీ తోచలేదు.

"అమ్మాయిగారూ, దీనికేమైనా పట్టిక ఉందాండి?"

వసుధ తల అడ్డంగా ఊపింది.

ఆయన స్టూలు తిప్పుకుని భార్య ముఖంలోకి చూశాడు. "మంచినీళ్లా హైమా?"

కాదన్నట్టు కళ్లు పక్కకు తిప్పింది.

"పక్కకి తిప్పనా? దుప్పటి కప్పనా?"

కాదు. వేళ్లు మాత్రం వదల్లేదు.

"కోప్పడకే. ఒక్కోటీ అడుగుతాను," అన్నాడు త్రిమూర్తులు.