కొంగు చివర

వ్యాను బయల్దేరి చాలాసేపైంది. అత్తగారు ఇంతవరకూ దేనికీ వంక పెట్టలేదు. కోడలికి అదే వింతగా ఉంది.

పాత గుళ్లన్నీ చూడాలని పట్టుబట్టి ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది ఆవిడే. నిన్నటిదాకా దారిపొడుగునా ఆవిడ నోటికి తాళం లేదు. కిటికీ తెరిస్తే దుమ్మంది, మూస్తే ఉక్కపోతంది. కోడలిది దర్జీ పని. తన జాకెట్లన్నీ కోడలి చేతే కుట్టించుకుంటూ, "దీని కుట్టు పాము పాకినట్టుంటుంది" అని నలుగురిలో చెప్పడం అత్తగారికి సరదా. కోడలేమీ తక్కువ తినలేదు. "అయితే బుసకొట్టకుండా వేసుకోండి అత్తయ్యా" అనేది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఒకరు లేకపోతే రెండోవారికి పొద్దుపోదు, అది వేరే సంగతి.

వ్యాను నడుపుతున్నది కోడలి మొగుడు. ఎలక్ట్రీషియను. కరెంటు తీగల మధ్య కోతిలా తిరుగుతాడు గానీ, బల్లి మీద పడితే వీధి చివరికి వినబడేలా అరుస్తాడు. పక్క సీట్లో కూతురు. దాన్ని అందరూ పిడుగు అంటారు. ఎందుకంటారో దానితో ఒక పూట గడిపితే తెలుస్తుంది.

"మీ అమ్మకి ఒంట్లో బాగాలేదేమో అడగండి," అంది కోడలు మెల్లగా.

"ఇదే ఆఖరి గుడి కదా. అలిసిపోయుంటుందిలే."

అలసట కాదని కోడలికి తెలుస్తూనే ఉంది. తన మొగుడికంటే ముందు అత్తగారికొక ఆడపిల్ల పుట్టింది. ఏదో పాత గుడిలో తప్పిపోయింది. తల్లి కొంగు పట్టుకుని నడుస్తూనే మాయమైందట. ఏ గుడో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల మాటెత్తితే లేచి వెళ్లిపోయేది. అప్పట్నుంచీ ఎక్కడికెళ్లినా అందరికంటే వెనకే నడుస్తుంది, మందను తోలుకెళ్తున్నట్టు. బజారుకెళ్లినా అంతే.

గుడి దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కొండను తొలిచి కట్టిన గుడి. ముంగిట్లో బండలు కాలి, అడుగు వేస్తే అరికాలు చుర్రుమంటోంది. గుమ్మం మాత్రం నల్లగా ఉంది. బయటి ఎండంతా అక్కడిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది. లోపలి నుంచి గబ్బిలాల వాసన, మాడిన నూనె వాసన కలిసి వస్తున్నాయి.

తాళాలగుత్తి ఒళ్లో పెట్టుకుని పూజారి గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాడు. చెప్పులు, ఫోన్లు, ఎలక్ట్రీషియను జేబులో టార్చి లైటు, అన్నీ బయటే పెట్టించాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అడిగింది కోడలు.

"ఎవరూ లేరమ్మా. మీరు వచ్చేస్తే తలుపు వేసుకుని భోజనానికి పోతా. గర్భగుడి చుట్టూ ఒకటే సందు. ఒకరి వెనక ఒకరు గోడ తడుముకుంటూ వెళ్లండి. చుట్టు తిరిగి మళ్లీ ఈ గుమ్మానికే వస్తారు." ఆయన అత్తగారి కొంగు వైపు చూశాడు. "చివర నడిచేవాళ్లు కొంగు నడుముకు చుట్టి దోపుకోవాలి. వేలాడేలా వదలొద్దు."

"ఎందుకండీ?" ఎలక్ట్రీషియను అప్పుడే ఒకడుగు వెనక్కి వేశాడు.

"మా తాత చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో నేనడగలేదు."

అత్తగారు బుద్ధిగా కొంగు తిప్పి బొడ్లో దోపుకుంది. గుమ్మం దాటుతుండగా కోడలు ఎందుకో వెనక్కి చూసింది. ఆవిడ అప్పుడే కొంగును బయటికి లాగి, నేలకు తగిలేలా జారవిడుస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇది ఆ గుడేనని కోడలికి అర్థమైపోయింది. వద్దని చెయ్యి పట్టుకుని బయటికి లాగాల్సిందే. కానీ ఆ ముఖంలో ఎప్పుడూ చూడని బతిమాలుడు కనిపించింది. ఇంట్లో పులిలా తిరిగే మనిషి అలా చూస్తే ఎవరికి నోరు వస్తుంది? కోడలు చూడనట్టే ముందుకు తిరిగింది.

ముందు ఎలక్ట్రీషియను. అతని చొక్కా పట్టుకుని పిడుగు. పిడుగు భుజం మీద చెయ్యేసి కోడలు. కోడలి భుజం మీద అత్తగారి చెయ్యి.

కొంచెం నడిచేసరికి వెలుగు పూర్తిగా పోయింది. కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. గోడ చల్లగా, జిడ్డుగా ఉంది, ఎవరో ఇప్పుడే చెమట చేత్తో తడిమి వెళ్లినట్టు. సందు ఎంత ఇరుకంటే రెండు భుజాలూ రాళ్లకు రాసుకుంటున్నాయి. పైన ఎక్కడో గబ్బిలం రెక్క కొట్టుకుంది. ఎలక్ట్రీషియను ఆంజనేయ దండకం అందుకున్నాడు. రెండో పాదానికే మర్చిపోయి, మళ్లీ మొదటికి వచ్చాడు.

"నాన్నకి భయం," అంది పిడుగు ఆనందంగా.

చాలా దూరం నడిచారు. అంత చిన్న గర్భగుడికి ఇంత పెద్ద చుట్టా అనిపించింది కోడలికి. ఈపాటికి గుమ్మం వెలుగు కనిపించాలి. కనిపించడం లేదు. ఒట్టికాళ్ల చప్పుడు వినిపిస్తోంది... తమవే అనుకుంది. విన్నకొద్దీ అవి తమవి కావేమోననిపించింది. తాము నలుగురు. ఆ చప్పుడు నలుగురిది కాదు.

భుజం మీద అత్తగారి చెయ్యి బిగుసుకుంది. ఆవిడ ఆగిపోయింది.

"అమ్మాయ్..." గుసగుస. "పట్టుకుంది."

"ఏంటత్తయ్యా?"

"నా కొంగు. పట్టుకుంది. అదే... వేళ్ల చుట్టూ తిప్పి పట్టుకునేది. అలాగే పట్టుకుంది."

ముందు నుంచి మొగుడి గొంతు వచ్చింది. "ఏంటాగిపోయారు? ముందాయన వెళ్లిపోతున్నాడు."

"ముందాయన ఎవరు?"

"ఎవరో మనలాగే వచ్చినాయన. దారి తెలిసినవాడిలా ఉన్నాడని ఇందాకే చొక్కా పట్టుకున్నా."

లోపల ఎవరూ లేరన్నాడు పూజారి.

"వదిలెయ్యండి," అంది కోడలు. "ఏమండీ... మాట్లాడకుండా వదిలెయ్యండి."

ముందు అడుగులు తడబడిన చప్పుడు.

"వదిలాను." అన్నాడతను. "ఇప్పుడు వాడే నా చెయ్యి పట్టుకున్నాడు."

"పిడుగూ, నాన్న చొక్కా గట్టిగా పట్టుకో. ఎవరేం చెప్పినా వదలకు."

కోడలు ఒంటిని అడ్డంగా తిప్పి, అత్తగారి పక్కనుంచి గోడకు ఒరుసుకుంటూ వెనక్కి జరిగింది. కొంగు అంచు దొరికింది. వదులుగా వేలాడాల్సిన గుడ్డ తాడులా బిగుసుకుని ఉంది. వేళ్లతో దాని వెంటే వెళ్లింది. కొంగు కిందికి దిగుతోంది... ఇంకా కిందికి... మోకాలి ఎత్తున ఒక చిన్న పిడికిలి తగిలింది.

చల్లగా ఉంది. నీళ్లలో చాలాసేపు నానిన చెయ్యిలా ముడతలు పడి ఉంది.

అరవబోయి ఆపుకుంది. చెయ్యి తీసేద్దామనుకుని, తియ్యలేదు. మణికట్టు... సన్నటి చెయ్యి... జడ... గౌను. గౌను మెడ దగ్గర కుట్లు తగిలాయి. చేతికుట్టు. పెద్ద పెద్ద పోగులు, ఎగుడుదిగుడుగా. ఇంట్లో పాత దిండు గలీబులకు ఉన్న కుట్టే. కోడలి కుట్టును వెక్కిరించే మనిషి వేసిన కుట్టు. అది వేలికి తగలగానే కోడలికి భయం కాదు, ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా ఈ చీకట్లో, అమ్మ కుట్టిన గౌనులోనే ఉందా ఈ పిల్ల?

దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల కదల్లేదు. కోడలు గౌను వెనక తడిమింది. అక్కడ ఇంకో చెయ్యి ఉంది. పెద్దది. గౌనును గుప్పెట్లో బిగించి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి వెనక ఊపిరి. దాని వెనక ఇంకొకరి ఊపిరి. ఆ వెనక... ఇంకా... సందు పొడవునా, వరసగా. ఆ వరస చుట్టు తిరిగి తన మొగుడి చెయ్యి పట్టుకున్నవాడి దాకా వెళ్తోందని అర్థమైంది.

"మీరు పోండి," అంది అత్తగారు. గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం. "అప్పుడు దీన్ని వదిలేసి పోయాను. మళ్లీ పోను. నేనిక్కడే ఉంటా. పిడుగుని తీసుకుని మీరు పోండమ్మా."

ఆ "అమ్మా" అన్న పిలుపుతో కోడలికి ఎక్కడలేని కోపం వచ్చింది. కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఒక్కసారైనా అలా పిలవని మనిషి, ఇప్పుడు, ఇక్కడా పిలవడం?

"మిమ్మల్ని వదలను. దాన్నీ వదలను. నోర్మూసుకుని నిలబడండి అత్తయ్యా."

బొడ్లోంచి కత్తెర తీసింది. దారాలు తెంపుకోవడానికి ఎప్పుడూ దగ్గరుండేదే. పిల్ల వీపు వెనక చెయ్యి పోనిచ్చి, గౌను అంచు దొరకబుచ్చుకుంది.

అప్పుడు చీకట్లోంచి మాట వచ్చింది. ఒక్క నోటి నుంచి కాదు. సందు సందంతా గొణిగింది.

"వరస... తప్పొద్దు..."

"ఎవడ్రా వరస పెట్టింది?" అంది కోడలు. "పసిపిల్లని ఇన్నేళ్లు నిలబెట్టి వరసంటారా? సిగ్గులేదూ? మా ఇంటి పిల్ల ఇది. తీసుకుపోతున్నా. చేతనైతే ఆపండి."

కత్తెర వేసింది. గుడ్డ సరసరా తెగింది. చివర్లో గట్టిగా ఏదో అడ్డు తగిలింది. మడత కుట్టు అయ్యుంటుందనుకుని రెండు చేతులతో నొక్కింది.

కటుక్కుమంది.

సందంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత కాళ్ల చప్పుడు ఆగిపోయింది. ఎదురుగా, ఇంత దగ్గర్లోనా అనిపించేంత దగ్గర్లో, గుమ్మం తెల్లగా వెలుగుతోంది.

"చెయ్యి వదిలాడు!" అన్నాడు ఎలక్ట్రీషియను. ఆ తర్వాత అతన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. పిడుగును చంకనేసుకుని ఒక్క ఉరుకులో బయటపడ్డాడు. కోడలు అత్తగారి నడుం చుట్టూ చెయ్యేసి, దాదాపు మోసుకుంటూ గుమ్మం దాటించింది.

ఎండ. వేడి బండలు. ఎక్కడో కాకి అరుస్తోంది. వెనక ఎవరూ కనిపించలేదు. కానీ అత్తగారి కొంగు కిందికి వాలలేదు. గాలి లేదు, అయినా దాని చివర మోకాలి ఎత్తున, ఒంటికి దూరంగా, బిగుసుకుని నిలబడి ఉంది. తండ్రి చంకలోంచి పిడుగు దాని వైపు చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

పూజారి లేచి దారి ఇచ్చాడు. వాళ్లు వెళ్లిపోయాక కూడా కాసేపు అలాగే పక్కకు జరిగి నిలబడ్డాడు. తర్వాత గబగబా తలుపు వేశాడు.

తిరుగు ప్రయాణం. ఎలక్ట్రీషియను అద్దంలోకి చూడకుండా వ్యాను నడిపాడు. వెనక సీట్లో అత్తగారు రెండు చేతులూ ఒళ్లో గుండ్రంగా చుట్టుకుని, మెల్లగా ఊగుతూ కూర్చుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ముఖం మాత్రం నవ్వుతోంది. ఆవిడ ఇంత అందంగా ఉంటుందని కోడలికి ఇన్నాళ్లూ తెలియదు.

"కాలు తిమ్మిరెక్కింది," అంది చివరికి గుసగుసగా. "కాసేపు నువ్వెత్తుకుంటావా? నిద్రపోయింది. లేపకు."

కోడలు చేతులు చాచింది. బరువు వచ్చి ఒళ్లో పడింది. తడిబట్టల మూటలా చల్లగా, పసిపిల్ల బరువే. భయమేసింది, వేయకేం. అయినా దగ్గరికి హత్తుకుంది. పిడుగు మేనత్తకు కొత్త గౌను కుట్టాలి, పిడుగు కొలతలే సరిపోవచ్చు అనుకుంది. ఎంత కోసేశానో చూద్దామని వీపు వెనక తడిమింది.

గౌనుకు చిరుగు ఉంది. ఆ చిరుగు అంచును ఇంకా నాలుగు వేళ్లు పట్టుకునే ఉన్నాయి.

పెద్ద వేళ్లు. వాటి వెనక చెయ్యి లేదు.

కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఎన్నేళ్ల నిద్రో నిద్రపోతోంది. ఆవిడను లేపలేదు. మొగుడినీ పిలవలేదు. పెదవి కొరుక్కుని, పిల్ల కదలకుండా, మొదటి వేలిని ఊడదీసింది. తర్వాత దాని పక్కది పట్టుకుంది.

ఊడదీసిన వేలు మెల్లగా వంగి, ఆమె వేలి చుట్టూ బిగుసుకుంది.

"పట్టుకో," అంది కోడలు పళ్లబిగువున. "ఎవరు ముందు వదులుతారో చూద్దాం."