దివాన్జీ కచేరీలో సర్కారు కాయితం

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం పోయే రోడ్డులో, కోట పక్కన, దివాన్జీ కచేరీ అని ఒక పాడుబడ్డ పెంకుటిల్లు ఉండేది. చీకటి పడితే అటు ఎవడూ తిన్నగా నడిచేవాడు కాదు. చెరకు బళ్లవాళ్లయితే అక్కడికి రాగానే ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కి, ఊపిరి బిగబట్టి దాటేవారు. ఎందుకూ అంటే... చప్పుడు వింటే దివాన్జీగారు బయటికొస్తారని!

వచ్చి ఏం చేస్తారూ? పొన్నుకర్ర మూడుసార్లు నేలకి కొట్టి, "ఎవరి తాలూకు?" అని అడుగుతారట. అంతే. ఆ మాత్రానికే సింగన్న అనేవాడు బండీ ఎద్దులూ వదిలేసి తాండవ నది దాకా పరిగెత్తాడని చెప్పుకునేవారు. తాండవ దాకా అంటే నేను నమ్మను గానీ, పరిగెత్తడం మాత్రం నిజమే.

దివాన్జీగారు చచ్చిపోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఇది డెబ్బై అయిదులో మాట. భూపరిమితి చట్టం వచ్చిన రోజులు. ఎవరికెంత భూమి ఉందో ఫారం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మన్నారు. అందరూ ఇచ్చారు, కోటలో రాజావారు తప్ప. తాలూకాఫీసు బంట్రోతు జ్ఞానానందం ఆ ఫారం పట్టుకుని మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాడు.

తహశీల్దారు మన్మథరావుగారు మండిపడ్డారు. "రేపు పదిగంటలకి సంతకం నా టేబుల్ మీద ఉండాలి. లేదా, ఆ ముసలాణ్ణి జైల్లో వేయిస్తాను, నిన్ను కొండ మీదికి బదిలీ చేసేస్తాను. కాయితం టైపయిపోయింది, చూసుకో!"

చూశాడు. అక్షరాలా టైపయిపోయి ఉంది. కొండ మీదంటే మలేరియా. ఇంట్లో భార్య పరిమళకి తొమ్మిదో నెల. ఏం చెయ్యగలడు పాపం, సాయంత్రం నాలుగోసారి సైకిలెక్కాడు.

గేటు దగ్గర కోట వంటమనిషి బుల్లమ్మ అడ్డం నిలబడింది.

"నీకెన్నిసార్లు సెప్పాల బాబూ? సర్కారు కాయితం మా రాజుగోరు సేత్తో ముట్టరు. సర్కారోల్లతో మాటాడరు. తాతలనాటి నుంచీ అంతే. ఏదైనా దివాన్జీగోరికే ఇయ్యాల. ఆయనే రాజుగోరికి మనవి సేత్తారు."

"ఆయన సచ్చిపోనారు కదే అప్పా?"

బుల్లమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "సచ్చిపోతే...? దీపాలెట్టేక కచేరీకి ఎల్లు. ఇచ్చీసి, ఎనక్కి సూడకుండా బేగి వొచ్చీ."

దెయ్యాలు లేవని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నారు. కానీ పాస్టరుగారు ఆదివారం పొద్దున్న చెబుతారు. ఇది బుధవారం రాత్రి.

వెళ్లాడు.

కరెంటు పోయింది. సైకిలు స్టాండు వేసిన చప్పుడే ఊరంతా వినిపించినట్టయింది. కచేరీ తలుపు ఓరగా తీసి ఉంది... లోపల చీకటి. గబ్బిలాల కంపు.

"అ...అండీ..." అన్నాడు.

ఒక అడుగు ముందుకేశాడు.

"దివాన్జీగారండీ..."

టక్.

జ్ఞానానందం ఫారం గుండెలకి హత్తుకున్నాడు.

టక్... టక్...

"ఎవరి తాలూకు?"

"స...సర్కారు తాలూకండి!"

తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చింది — నల్లటి కోటు చెయ్యి. ఫారం అందుకుంది. ఆ వెనకే తలపాగా, పొడుగు కోటు, కర్ర... ఆ ఆకారం అతన్ని దాటుకుంటూ మెట్లు దిగింది.

"ఏలినవారికి మనవి చేసి వస్తాం. ఇక్కడే ఉండు."

పెరడు దాటి, కోటవైపు, చీకట్లోకి... వెళ్లిపోయింది.

పరిగెత్తడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. పరిగెత్తేవాడే! కానీ ఫారం దాని చేతిలో ఉంది. ఆఫీసులో ఇంకో ఫారం లేదు. పొద్దున్న తహశీల్దారుగారితో ఏమని చెబుతాడు — దెయ్యం పట్టుకుపోయిందండీ అనా? ప్రభువా అనుకుని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆ ఆకారం వెనకే నడిచాడు.

కోటలో హాలు కిటికీకి ఒక రెక్క లేదు. అందులోంచి చూశాడు.

లాంతరు వెలుగుతోంది. ఎత్తుపీట మీద పెద్ద కుర్చీ — ఖాళీ. కోటు ఆకారం ఆ ఖాళీ కుర్చీ ముందు వంగి దణ్ణం పెట్టింది. ఫారం మొత్తం చదివి వినిపించింది, కింద ప్రెస్సు పేరుతో సహా. తర్వాత... కర్ర గోడకి ఆనించింది. తలపాగా తీసింది. కోటు విప్పి కొంకికి తగిలించింది. బనీనుతో, బట్టతలతో, నెమ్మదిగా పీటెక్కి ఆ కుర్చీలో కూర్చుంది.

రాజావారు!

ఓరి నాయనో అనుకున్నాడు జ్ఞానానందం. దివాన్జీ పోయాక ఇంకొకర్ని పెట్టుకునే తాహతు లేదు. సర్కారు కాయితం సొంత చేత్తో పుచ్చుకుంటే పరువు తక్కువ. అందుకని తొమ్మిదేళ్లుగా తనకి తానే దివాన్జీ అయిపోయి, తన కాయితాలు తానే తెచ్చుకుంటున్నాడన్నమాట పెద్దాయన. నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కుర్చీలో కూర్చున్నాక గొంతే మారిపోయింది. "మా భూమికి మేము లెక్క చెప్పడమేమిటి? ఆ తహశీల్దారుకి పనీపాటా లేదా? సంతకం పెట్టం! దివాన్జీగారూ, వెళ్లి చెప్పండి!"

జవాబివ్వాలంటే లేచి కోటు తొడుక్కోవాలి కదా. లేవబోయారు. మోకాళ్లు సహకరించలేదు. కుర్చీ చేతులు పట్టుకుని మళ్లీ లేవబోయారు... కూలబడ్డారు.

"దివాన్జీగారూ..." అన్నారు, ఈసారి మెల్లిగా.

కొంకికి వేలాడుతున్న కోటు కేసి చూశారు.

"దివాన్జీగారూ... ఉన్నారా?"

జ్ఞానానందానికి నవ్వు ఎటుపోయిందో తెలీలేదు. సర్కారు మనిషిగా తను లోపలికి వెళితే ఆయన నోరు విప్పరు. వెళ్లకపోతే సంతకం లేదు, పరిమళని కొండెక్కించాలి. పైగా ఆ ముసలాయన్ని అలా చూస్తూ ఉండడం... ఛ, ఎవరి వల్లవుతుంది?

లోపలికి నడిచాడు. కొంకి మీద కోటు తీసి తొడుక్కున్నాడు. మోకాళ్ల కిందకి వచ్చింది, నాఫ్తలీను వాసన. తలపాగా పెట్టుకున్నాడు. కర్ర అందుకుని —

టక్. టక్. టక్.

"సిత్తం, ఏలినవారూ."

రాజావారు తల తిప్పి చూశారు. పైనుంచి కింద దాకా... చాలాసేపు చూశారు.

"ఆలస్యమైంది, దివాన్జీగారూ," అన్నారు.

"సమించాలండి."

"సర్కారువారు ఇంకా ఏమన్నారు?"

ఏమన్నారంటే, ఆ ముసలాణ్ణి జైల్లో వేయిస్తానన్నారు. అది ఎలా చెబుతాడు? ఆ కుర్చీలో బక్కచిక్కిన కాళ్లకేసి చూశాడు.

"తమకి... ఒంట్లో ఎలాగున్నాదో అడిగి రమ్మన్నారండి."

రాజావారు కుర్చీలో ముందుకు వంగారు. లాంతరు వత్తి చిటపటలాడింది.

"అడిగారా? నిజంగా?"

"సిత్తం."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు, దాచుకోవాలని కూడా అనుకోలేదు. "మోకాళ్లు బాధిస్తున్నాయని చెప్పండి. తక్కినదంతా బాగానే ఉంది. వారి కుశలం మేమూ అడిగామని చెప్పండి... మరవకండి." అని, కలం తెమ్మని చెయ్యి చాపారు.

తెల్లారి పదింటికి మన్మథరావుగారు సంతకం కేసి రెండుసార్లు చూసుకున్నారు. బదిలీ కాయితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో పారేశారు. "ఎలా పట్టావోయ్?" అంటూనే ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నారు.

జ్ఞానానందం గండం గడిచింది. ఇంక వెళ్లిపోవచ్చు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఒకరు ఒక మాట అప్పజెప్పారు కదా మరి.

వెనక్కి వచ్చాడు.

"రాజావారు తమ కుశలం అడిగారండి."

మన్మథరావుగారి కలం ఆగిపోయింది. తలెత్తారు.

"ఎవరిదీ... నాదా?"

"సిత్తం. మరీ మరీ అడగమన్నారండి."

మన్మథరావుగారు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. ఎదురుగా గుట్టలు గుట్టలు ఫైళ్లు. కాసేపు వాటికేసీ, కాసేపు కిటికీకేసీ చూశారు.

"రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పు," అన్నారు.