పూర్తి నిమిషం

బెల్లు టింగుమని మోగింది. అతని వేళ్లు మాత్రం పేషెంటు మణికట్టును వదల్లేదు.

“టైమైపోయింది డాక్టర్ గారూ. చెయ్యి వదలండి,” అందామె.

“ఒక్క క్షణం.”

“ఆయన బీపీ మాత్రలు మానేశాడు. ఎందుకు మానేశాడో మీరు కనుక్కోవాలి. అదీ కేసు. ఒక్క ప్రశ్నయినా అడిగారా? వచ్చిన దగ్గర్నుంచీ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లయినా ఈపాటికి నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు.”

పక్క టేబుళ్ల దగ్గర నవ్వులు లేచాయి. అతను ఏదో చెప్పబోయి, పేషెంటు ముఖం చూసి ఆగిపోయాడు. ఆ పెద్దాయన కళ్లతోనే వద్దని బతిమాలుతున్నాడు.

“చెప్పడానికేం లేదండీ,” అన్నాడతను.

“అయితే సున్నా,” అని ఆమె పక్క టేబుల్ దగ్గరికి వెళ్లిపోయింది.

అది ఆదివారం కోర్సు. వారమంతా దగ్గులూ జ్వరాలూ చూసి అలసిపోయిన ఫ్యామిలీ డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు సెలవు రోజున మళ్లీ విద్యార్థులైపోయే చోటు. ఆస్పత్రి పాత బిల్డింగులో పై అంతస్తు హాలు. టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య పచ్చ తెరలు, మూల ఒక ప్లాస్టిక్ గుండె, మొరాయించే ప్రొజెక్టరు. చదువు అయిపోయాక కూడా వైద్యం మారుతూనే ఉంటుంది కదా, దానితోపాటు డాక్టరూ మారాలని పెట్టిన కోర్సు. పాయింట్లు రాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు కాబట్టి సగం మంది పాయింట్ల కోసమే వస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ, ప్రతి ఒక్కరూ పాఠం కోసమే వచ్చారన్నంత శ్రద్ధగా చెబుతుంది. రెండో ఆదివారానికల్లా అందరూ నిజంగానే పాఠం కోసం వచ్చేస్తారు. అదీ ఆవిడ గొప్పతనం.

ఆమె కూడా ఫ్యామిలీ డాక్టరే. టేబుల్ మీద బెల్లు పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టి వెనక బెంచీ వాళ్లు బెల్ మేడమ్ అని పేరు పెట్టారు. ఆమె ప్రతి క్లాసూ తన తప్పుతోనే మొదలుపెడుతుంది. “ఈ పేషెంటు విషయంలో నేను పొరపాటు పడ్డాను. ఎక్కడ పడ్డానో మీరు చెప్పండి,” అంటుంది. అంతమంది ముందు తన తప్పును అంత తేలిగ్గా విప్పి చూపించే మనిషిని అతను అంతవరకూ చూడలేదు. మొదటి ఆదివారమే మనసు పారేసుకున్నాడు. దొరుకుతుందన్న ఆశ కూడా పెట్టుకోలేదు.

అతనికీ ఒక పేరుంది. నాడి చూడమంటే పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేవాళ్లే అందరూ. అతను పూర్తి నిమిషం పట్టుకుంటాడు. అందుకని పక్క సీటు ఫిజియో అతనికి నిమిషం డాక్టర్ అని పేరు తగిలించాడు.

ఇక ఆ పేషెంటు. నిజం పేషెంటు కాదు, కోర్సులో పేషెంటుగా నటించే మనిషి. రిటైరైన జాగ్రఫీ మాస్టారు. బెల్ మేడమ్‌కి స్వయానా నాన్న. కూతురు కార్డు మీద ఏ రోగం రాసిస్తే ఆ రోగం తెచ్చుకుంటాడు, కొంచెం ఎక్కువే తెచ్చుకుంటాడు. ఒకసారి అరికాలు దురద అని రాసిస్తే ఆయన పెట్టిన కేకలకి కింది వార్డు నర్సు స్ట్రెచర్ పట్టించుకొచ్చింది. అందరూ ఆయన్ని పర్మనెంట్ పేషెంట్ అంటారు. ఆ బిరుదంటే ఆయనకు ప్రాణం.

టీ బ్రేకులో వర్షం మొదలైంది. కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడ్డ మాస్టారి పక్కకు అతను చేరాడు.

“మాస్టారూ, మీరు అన్నీ బాగా నటిస్తారు. కానీ నాడి నటించదు కదా.”

“ఏమైంది నా నాడికి?” మాస్టారు బిస్కెట్‌ను టీలో ముంచాడు.

“తప్పుతోంది. ఒక వరుస లేదు. మీకు ముందే తెలుసు, అవునా?”

మాస్టారి చేతిలోని బిస్కెట్ విరిగి కప్పులో పడిపోయింది.

“అప్పుడప్పుడూ దడగా ఉంటుంది బాబూ. కాసేపటికి పోతుంది.”

“పోదండీ, దాక్కుంటుంది. గుండె అలా తడబడుతుంటే లోపల రక్తం గడ్డకట్టి తలకెక్కొచ్చు. పక్షవాతం వస్తుంది. మందుంది, ముందే మొదలుపెడితే హాయిగా ఉండొచ్చు. మేడమ్‌కి చెప్పండి.”

“వద్దు!” అన్నాడు మాస్టారు. అంతసేపూ ఉన్న హుషారు గొంతులో లేదు. “వాళ్లమ్మ జబ్బు చివరిదాకా తెలీలేదు. అప్పుడిది మెడిసిన్ చదువుతోంది. పక్కనే ఉండి కనిపెట్టలేకపోయానని ఇప్పటికీ కుమిలిపోతుంది. ఈ కోర్సు పెట్టిందే అందుకు, ఇంకో డాక్టరెవరూ అలా పొరపాటు పడకూడదని. ఇప్పుడు నా సంగతి తెలిస్తే ఏమంటుందో తెలుసా? ఊరందరికీ పాఠాలు చెప్తూ ఇంట్లో నాన్నని చూసుకోలేకపోయానంటుంది. నేనే చెప్తాను, టైమ్ చూసి. నువ్వు మాత్రం చెప్పనని మాటివ్వు.”

అతను టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు.

“ఒక షరతు. రేపు నా క్లినిక్‌కి రండి. మీరు నా పేషెంటయితే మీ మాట నా దగ్గర భద్రంగా ఉంటుంది.”

“ఫీజు?”

“నటించకుండా ఉండటమే ఫీజు.”

మరునాడు మాస్టారు వచ్చాడు. ఈసీజీ అతను అనుకున్నదే చెప్పింది. హార్ట్ స్పెషలిస్టు దగ్గరికి వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మొదలయ్యాయి. ఆ తర్వాత చెకప్ పేరుతో వచ్చి మాస్టారు కబుర్లు చెప్పి వెళ్లేవాడు. ప్రతిసారీ చివర్లో అతను అడిగేది ఒక్కటే. “మేడమ్‌కి చెప్పారా?”

“ఇవాళ మంచి మూడ్‌లో ఉందయ్యా. పాడుచెయ్యడమెందుకు?”

“నిన్న?”

“నిన్న మూడ్ బాగాలేదు.”

ఒక సాయంత్రం వర్షంలో బస్సు దిగి, గాలికి తిరగబడిన గొడుగును సరిచేసుకుంటూ, ఒక పేషెంటును చూడటానికి బెల్ మేడమ్ అతని క్లినిక్ ఉన్న వీధిలోనే నడుస్తోంది. ఎదురుగా చిన్న క్లినిక్ బోర్డు. దాని కింద తన నాన్న, నిమిషం డాక్టర్ భుజం తడుతూ నవ్వుతున్నాడు. రాబోయే ఆదివారం ఫైనల్ పరీక్ష. ఏ టేబుల్ దగ్గర ఏ కేసో ముందుగా తెలిసేది ఇద్దరికే, ఒకరు తను, ఇంకొకరు పేషెంటుగా నటించే నాన్న.

ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది. తప్పు లెక్కలే ఎప్పుడూ అంత చక్కగా కుదురుతాయి.

ఆదివారం పొద్దున్నే హాలు గుమ్మంలో అతన్ని ఆపింది.

“మా నాన్న మీ క్లినిక్‌కి ఎందుకొస్తున్నారు?”

“ఆయన్నే అడగండి.”

“అడిగాను. వాకింగ్ అన్నారు. వాకింగ్‌కెళ్లేవాళ్లు రెండు బస్సులు మారతారా?”

అతనికి నవ్వొచ్చింది, కానీ నవ్వే సమయం కాదని తెలిసి ఆపుకున్నాడు.

“కేసులు చెప్పించుకుంటున్నారా?” అని అడిగేసింది.

“లేదండీ.”

“మరి దేనికి? చెప్పండి, నమ్ముతాను. నాక్కూడా నమ్మాలనే ఉంది.” ఆఖరి మాట తనకు తెలియకుండానే వచ్చేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

చెప్పేస్తే ఒక్క వాక్యం. సర్టిఫికెట్ దక్కుతుంది, పోయిన మర్యాద దక్కుతుంది, ఈ కళ్లలో కోపమూ పోతుంది. కానీ ఆ వాక్యం అతనిది కాదు, అతని పేషెంటుది.

“నేను చెప్పకూడదండీ. మీరు నన్ను ఫైనల్‌కి కూర్చోనివ్వకపోయినా ఫర్వాలేదు.”

“కూర్చోనివ్వను,” అంది. అతను తల ఊపి వెనక బెంచీలో కూర్చున్నాడు. వెళ్లిపోయి ఉంటే ఆమెకు కోపం నిలబడేదేమో. బ్యాగులోంచి పెన్ను తీసి, ఆమె చెప్పబోయే పాఠం కోసం ఎదురుచూస్తున్న ఆ మనిషిని చూస్తే కోపం కూడా సరిగా రాలేదు.

ఈ గొడవంతా ఫిజియో చెవిన పడనే పడింది. వెంటనే తెర వెనక్కి వెళ్లి మాస్టారికి చేరవేశాడు.

ఫైనల్‌కి ముందు బెల్ మేడమ్ ఎప్పుడూ ఒక కేసు తనే చేసి చూపిస్తుంది. హాలు మధ్యలో రెండు కుర్చీలు వేశారు. ఆమె ఒక కుర్చీలో, మాస్టారు ఇంకో కుర్చీలో. కేసు, నిద్ర పట్టని పెద్దాయన.

“చెప్పండి, ఏమిటి ఇబ్బంది?” అందామె. ఈ కుర్చీలో కూర్చుంటే నాన్నను కూడా మీరు అంటుంది.

“నిద్ర పట్టట్లేదు డాక్టరమ్మా.”

“ఎప్పట్నుంచి?”

“ఒక అబద్ధం ఆడినప్పట్నుంచి.”

హాలులో నవ్వులు. ఆమె ముందుకు వంగి మెల్లగా అంది. “నాన్నా, కార్డులో లేనిది చెప్పకు.”

“నా గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదమ్మా. మా అమ్మాయి డాక్టరు. భయపడుతుందని దానికి చెప్పలేదు. ఇంకో డాక్టరు కనిపెట్టాడు. మాటివ్వమని అతని నోరు కట్టేశాను. నా గుట్టు బయటపెట్టకూడదని అతను సున్నా తెచ్చుకున్నాడు, ఇప్పుడు పరీక్షకు కూడా దూరమయ్యాడు. ఇంక నిద్రేం పడుతుంది చెప్పు?”

మాస్టారు కేకలు పెట్టలేదు, గుండె పట్టుకుని వాలిపోలేదు. మొట్టమొదటిసారి ఏమీ నటించకుండా కూర్చున్నాడు. దాంతోనే ఆమెకు అర్థమైంది.

ఆమె చెయ్యి చాచి నాన్న మణికట్టు పట్టుకుంది. పావు నిమిషం గడిచింది. అంతా మామూలుగానే ఉన్నట్టు తోచింది. అలవాటుగా వేళ్లు తియ్యబోయింది.

“పూర్తిగా చూడమ్మా,” అన్నాడు మాస్టారు.

ఆమె మళ్లీ వేళ్లు ఆనించింది. నిమిషం పూర్తి కాకముందే ఆమె వేళ్ల కింద నాడి తడబడింది, ఆగింది, రెండడుగులు గబగబా వేసి మళ్లీ తడబడింది. ఆమె కళ్లు నిండాయి. అయినా నిమిషం చివరిదాకా చెయ్యి వదల్లేదు.

“ఈసీజీ తీయించారా?” డాక్టరు గొంతుతోనే అడిగింది.

“తీయించాడు.”

“రక్తం పల్చబడే మాత్రలు?”

“పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. స్పెషలిస్టుకీ చూపించాడు. మర్చిపోతానని ఫోన్ చేసి మరీ వేయిస్తాడు.”

“ఇంట్లో... మీ అమ్మాయికి ఎందుకు చెప్పలేదండీ?” అక్కడ డాక్టరు గొంతు ఇక నిలబడలేదు. “ఎందుకు చెప్పలేదు నాన్నా నువ్వు?”

మాస్టారు ఆమె తల నిమిరాడు. “నువ్వు నిన్ను తిట్టుకుంటావని తల్లీ.”

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. క్లాసు వైపు తిరిగింది.

“ప్రతి ఆదివారం నా తప్పు ఒకటి చెప్తాను కదా. ఇవాళ రెండున్నాయి. ఒకటి, పక్కనే కూర్చుని రోజూ భోంచేసే మనిషి చెయ్యి ఒక్కసారి కూడా పూర్తిగా పట్టుకుని చూడలేదు. రెండు, పేషెంటు రహస్యం కాపాడిన డాక్టర్ని దొంగ అనుకున్నాను. ఈ కోర్సులో నేను నేర్పాలనుకున్నదంతా చేసి చూపించిన ఒకే ఒక్కడికి సున్నా వేశాను. డాక్టర్ గారూ, నన్ను క్షమించండి. వచ్చి ఫైనల్‌కి కూర్చోండి.”

చప్పట్లు మొదలుపెట్టింది ఫిజియో. మాస్టారైతే లేచి నిలబడి తనకే అన్నట్టు అందరికీ వంగి నమస్కారం చేశాడు.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. బయట వర్షం ఆగేలా లేదు. పాసైన సర్టిఫికెట్ తడవకుండా అతను చొక్కా లోపల దాచుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది.

“ఒక్క మాట అడగొచ్చా? సున్నా వేసినప్పుడు కోపం రాలేదా?”

“వచ్చిందండీ. మీమీద ఎంతసేపు ప్రయత్నించినా నిలవలేదు.”

“ఎందుకని?”

“మొదటి ఆదివారం మీ తప్పు మీరే చెప్పుకున్నారు చూడండి, ఆ రోజే పడిపోయాను. అప్పట్నుంచీ పాయింట్ల కోసం రావడం మానేశాను.”

ఆమె ప్లాస్టిక్ గుండె ఉన్న టేబుల్‌కి ఆనుకుని అతని చెయ్యి అందుకుంది. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి గోడ గడియారం వైపు చూసింది.

“ఏమిటిది?” అన్నాడతను.

“మాట్లాడకండి. లెక్క తప్పుతుంది.” కాసేపాగి అంది, “వరుస బాగానే ఉంది. కానీ బాగా వేగం. కారణమేంటి?”

“ఎదురుగానే ఉంది.”

“నాకూ అంతే ఉంది. మొన్న వర్షంలో మీ క్లినిక్ ముందు కోపంగా నిలబడ్డప్పుడు కూడా అంతే ఉంది. అది కోపమే అనుకున్నాను.” ఆమె నవ్వింది. “అదీ తప్పే. ఇవాళ్టికి మూడయ్యాయి.”

టింగుమని బెల్లు మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పచ్చ తెర పక్కన మాస్టారు బెల్లు మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు.

“టైమైపోయింది డాక్టరమ్మా. చెయ్యి వదులు. అల్లుణ్ని ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాలి.”

ఆమె వేళ్లు అతని మణికట్టును వదల్లేదు.

“ఒక్క క్షణం నాన్నా,” అంది. “ఇంకా నిమిషం పూర్తి కాలేదు.”