వీరదుర్గ బరువు

పిల్లలూ, బడికి రాని వాళ్ళ వాటా భోజనం మీరు తీసుకోవద్దని ఎందుకంత పట్టుబడతానని అడిగారుగా. ఈ పుణెలో పుట్టిన మీకు ఇంతవరకు చెప్పలేదు. వినండి.

కొల్లేరులో మా లంక ఊళ్ళో ఉన్నప్పుడు మీ అన్నయ్య ఉదయ్‌కి పద్నాలుగు నెలలు. తిన్నది ఒంటికి పట్టేది కాదు. అంగన్‌వాడీలో ఎప్పుడు బరువు చూసినా ముల్లు ఏడు కిలోల ఎనిమిది వందల దగ్గరే ఆగేది. నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ నెల టీచరు కాంతంగారు నాకు రెండు బాలామృతం పిండి పాకెట్లు ఇచ్చారు.

"రెండోది ఎవరిదండీ?"

"బేబీరాణి కూతురు వీరదుర్గది."

ఆ పిల్ల విరేచనాలతో పోయి అప్పటికి మూడు నెలలు.

"పేరు కొట్టేస్తే ఎందుకు పోయింది, ఎలా పోయిందని పైవాళ్ళు నన్ను పీక్కుతింటారమ్మాయ్. నెలనెలా దాని బరువుకి రెండు వందల గ్రాములు కలిపి రాసేస్తున్నా. మీవాడి కంటే అదే నయం, బాగా పెరుగుతోంది" అని నవ్వారు.

అయినా పాకెట్టు తెచ్చుకున్నాను.

విప్పితే, ఎండిన చేపల చెరువు కంపు. జల్లించాను. రెండుసార్లు వేయించాను. పోలేదు. ఉడికాక చీమిడిలా సాగింది. ఉదయ్ గిన్నె నాకి మరీ తిన్నాడు.

మర్నెల బరువులు చూసే రోజు మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. దూలానికి వేలాడే త్రాసు గుడ్డసంచిలో వాణ్ణి కూర్చోబెట్టాం. ఏడూ ఎనిమిది వందలు. ఎత్తుకున్నాను.

ముల్లు వెనక్కి రాలేదు... పైకి జరిగింది.

ఖాళీ సంచి కిందికి సాగింది. కాళ్ళు దూర్చే కంతల్లోంచి పచ్చటి నీళ్ళు కారాయి... పిండి ఉండలతో. అదే కంపు.

ముల్లు ఎనిమిదీ రెండు వందల దగ్గర ఆగింది.

కాంతంగారు రిజిస్టరు విప్పి నాకు చూపించారు. "పొద్దున ఇంటి దగ్గరే రాసుకొచ్చా... వీరదుర్గకి ఇంతే రాశా."

నా భుజం మీద ఉదయ్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

అది జరిగి ఎనిమిదేళ్ళు. కాంతంగారు పోయి అయిదేళ్ళు. మొన్న ఇక్కడి ఆస్పత్రిలో అన్నయ్య బరువు చూశారు. వాడు దిగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. మిషన్ మీద అంకె మారింది... సున్నా పడలేదు. ఇరవై ఏడూ నాలుగు వందలు.

ఆనాటి ఎనిమిదీ రెండు వందలకి నెలకి రెండు వందల చొప్పున కలుపుతూ వేళ్ళ మీద లెక్క వేశాను. సరిపోయింది.

పెద్దయ్యాక మీ పిల్లలకీ చెప్పండి, లేని బిడ్డ వాటా ఇంటికి తేవద్దని. అన్నయ్యకి కూడా మీరే చెప్పండి, నాకు నోరు రావడం లేదు. వాడు తింటున్నప్పుడు మాత్రం వద్దు.