కంసాలికి ఇద్దరు కాపలా

కలకత్తాకి రైల్లో రెండు గంటల దూరంలోని ఆ రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డులో మందుల దుకాణం పైనున్న గదిలోకి నూకరాజు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. బయట విడిస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని కాదు, తను లోపల ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదని.

"తలుపేసేయండమ్మా. డిటెక్టివు కాడికెల్లినాడంటే తప్పు సేసినట్టేనంటారు."

"మా పనికి అంత మంచి పేరుంది," అంటూ ఏంజలిన్ కుర్చీ చూపించింది.

ఏంజలిన్ రైల్వే పార్సిల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు, పోయిన సామాన్ల మీద విచారణలు చేసింది. ఉద్యోగం ముందుగానే వదిలేసి ఈ డిటెక్టివు బోర్డు పెట్టుకుంది. సంబంధాల గురించి కూపీ తీస్తుందన్న భయంతో, పెళ్లీడు పిల్లలున్నవాళ్లు ఆమెకు నమస్కారం పెట్టి చప్పున తలుపులు మూసుకుంటారు. ఆమె సహాయకుడు బుజ్జిబాబు నలభై దాటిన మనిషి, ఒకప్పటి ఆటో డ్రైవరు. ఆమె తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉందని నమ్ముతాడు.

నూకరాజు మలంచాలో కంసాలి. తాల్‌బగీచాలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు అమర్‌నాథ్ ఇంటి నుంచి అతనికి ఐదు తులాల చంద్రహారం ఒకటి బాగుకి వచ్చింది.

"పన్నెండు రోజులైందమ్మా. కొక్కెం బాగుసెయ్యమన్నారు, సేసి ఇచ్చినాను. మొన్న పెళ్లిలో మాస్టారి భార్య సత్యవాణమ్మ ఏసుకుంటే, సెమటకి మెడ సుట్టూ పచ్చటి గీత పడిందట. సూస్తే అంతా ఇత్తడే. నాను మార్సేసినానని వాట్సాపులో ఎట్టేసినారు. అప్పట్నుంచీ నా కొట్టు గడప తొక్కినోడు లేడు. మా తాత కాడ్నుంచీ ఉన్న కొట్టమ్మా అది!"

"మీరు మార్చారా?"

"నూకాలమ్మ తోడు, లేదు."

"నాతో చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?"

నూకరాజు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. "ఏటీ లేదమ్మా."

అతను వెళ్లగానే బుజ్జిబాబు, "ఈడే, మేడమ్. కంసాలోడు కదా," అన్నాడు.

"ఆటోవాళ్లంతా మీటరు తిప్పేస్తారని మా అమ్మ అంటుంది, బుజ్జిబాబూ."

"అది వేరే సంగతి మేడమ్," అని అతను గబగబా స్కూటర్ తాళాలు తీసుకున్నాడు.

ముందుగా పెళ్లిళ్ల పేరమ్మ రాధారాణి ఇంటికి వెళ్లారు. ఆవిడ మాట దాచుకునే రకం కాదు.

"కంసాలి మీద మాస్టారికి నమ్మకం లేదు. అందుకని నన్ను కాపలాగా పంపినారు. మళ్లీ నామీద కూడా నమ్మకం లేదేమో, నాకు కాపలాగా ఆ ఇన్సూరెన్సు రాజ్ కిరణ్‌ని పంపినారు!"

"మీరు హారం మీంచి చూపు తిప్పారా?"

"ఎక్కడమ్మా! ఆ కుర్రాడు పాలసీ కాయితాలు తీస్తాడేమోనని అతని మొహం వైపు కూడా సూడలేదు. నలభై నిమిషాలూ నూకరాజు వేళ్లే సూసినాను. విరిగిన కొక్కెం తీయగానే, దాన్నెక్కడ కాజేస్తాడోనని లాక్కుని కొంగుకి ముడేసుకున్నాను. తిన్నగా సత్యవాణమ్మ చేతికే ఇచ్చినాను."

రాజ్ కిరణ్‌ని రైల్వే ఇన్‌స్టిట్యూట్ బయట టీకొట్టు దగ్గర పట్టుకున్నారు. ఆ పక్క బల్ల మీదివాళ్లు అతన్ని చూసి అప్పుడే లేచి వెళ్లిపోతున్నారు.

"నేను వాళ్లిద్దర్నీ చూశానండీ," అన్నాడతను. "ఆవిడ కొంగుముడి మీంచి కూడా చూపు తిప్పలేదు. దారిలో టోటోలో, అదే ఆ బ్యాటరీ రిక్షాలో, హారం పెట్టె మా ఇద్దరి ఒళ్లోనూ సగం సగం పెట్టుకుని వచ్చాం. అన్నట్టు మేడమ్, మీ పనిలో ప్రమాదాలెక్కువ కదా..."

"ఠీక్ హై, మళ్లీ కలుద్దాం," అని ఏంజలిన్ స్కూటర్ ఎక్కేసింది.

మాస్టారింట్లో సత్యవాణి కుంకుమ భరిణె తెచ్చి మూత తీసింది. అందులో రాధారాణి ఇచ్చిన కొక్కెం ముక్క ఉంది. దాని మీద పచ్చటి చిలుము. విరిగిన చోటు మాత్రం కత్తిరించినట్టు నున్నగా ఉంది.

"ఈ కొక్కెం ఎలా పాడైందండీ?" అని ఏంజలిన్ అడిగింది.

"ముప్పై ఏళ్లు ఏసుకున్నాను కదమ్మా, అరిగి అరిగి దారంలా అయిపోయింది. ఓ రోజు తెగి చేతిలోకొచ్చేసింది. వెంటనే ఇద్దామంటే ఈయన కలకత్తాలో పెన్షను పనుందని వెళ్లినారు. వచ్చాకే బీరువాలోంచి పెట్టె తీసి పంపించినారు. పాపం, ఎన్ని ఆఫీసులు తిరిగినారో, కాళ్లు వాచిపోయినాయి."

అమర్‌నాథ్ మాస్టారు శాంతంగా నవ్వారు. ఊరెళ్లేవాళ్లు ఇంటి తాళాలు ఇచ్చి వెళ్లేది ఆయనకే. "పోనీలెండమ్మా. పోలీసులూ కేసులూ ఎందుకు? అతన్ని నేను క్షమించేశాను."

"ఎంత గొప్ప మనసు మేడమ్!" అన్నాడు బుజ్జిబాబు, మెట్లు దిగుతూ.

"అవును. అదే అనుమానంగా ఉంది," అంది ఏంజలిన్.

ఆదివారం ఉదయం మాస్టారి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. నూకరాజు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఈ గదిలో ఎవరినీ ఎవరూ నమ్మరు," అని ఏంజలిన్ మొదలుపెట్టింది. "కంసాలి, పెళ్లిళ్ల పేరమ్మ, ఇన్సూరెన్సు ఏజెంటు, డిటెక్టివు. నమ్మకస్థులు మాస్టారొక్కరే. అయితే ఆ నలభై నిమిషాలు నూకరాజు గారి మీద ఉన్నంత కాపలా ఏ బ్యాంకుకీ ఉండదు. ఆ కాపలావాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. అక్కడ హారం మారలేదు."

"మరెక్కడ మారినట్టు?" అంది సత్యవాణి.

"భరిణెలోని ముక్క నూకరాజు చేతిలోంచి నేరుగా రాధారాణి గారి కొంగులోకి, అక్కడి నుంచి మీ చేతిలోకి వచ్చింది. దానికి చిలుము పట్టింది. బంగారానికి చిలుము పట్టదు. అంటే కొట్టుకి వెళ్లిందే ఇత్తడి హారం. పైగా మీ కొక్కెం అరిగి తెగింది, ఇది కటింగ్ ప్లయర్‌తో కత్తిరించింది. మీ కొక్కెం తెగాక, హారం కొట్టుకి వెళ్లేముందు, కలకత్తా వెళ్లొచ్చిందెవరు? బీరువాలోంచి పెట్టె తీసిందెవరు? కంసాలికి ఇద్దరిని కాపలా పెట్టిన మనిషి, ఐదు తులాలు పోతే రెండు రోజుల్లో ఎలా క్షమించేస్తారు?"

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నేను దొంగని కాను," అన్నారు మెల్లగా, భార్య వైపు తిరిగి. "నూకరాజుకే ఇవ్వాలని నువ్వు పట్టుపట్టావు. కాదంటే గొడవ. అసలుది పంపితే అతను బంగారం తీసేస్తాడని భయం. అందుకే ఫోటో చూపించి కలకత్తాలో నకలు కొని, కొక్కెం కత్తిరించి పంపాను. అసలుది తీరిగ్గా పెద్ద దుకాణానికి పట్టుకెళ్దామనుకున్నాను. ఇంతలో పెళ్లి ముంచుకొచ్చింది."

"కాపలా ఎందుకండీ మరి?" రాధారాణి అరిచింది. "ఇత్తడికా నేను నలభై నిమిషాలు కళ్లార్పకుండా కూర్చున్నది!"

"ఊరికే పంపితే అతనికి అనుమానం వస్తుందని..."

సత్యవాణి లేచింది. "నేను పెళ్లిపందిట్లో ఆ మనిషిని దొంగన్నాను. మీరు పక్కనే ఉండి పకోడీ తింటన్నారు."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు అప్పటికే చాలా గట్టిగా అరుస్తున్నావు."

మాస్టారు లోపలికి వెళ్లి, పాత జవాబు పత్రాల కట్ట అడుగునుంచి గుడ్డ మూట తెచ్చారు. చంద్రహారం మెరిసింది.

"నూకరాజు గారూ, అది ఇత్తడని చేతిలోకి తీసుకోగానే మీకు తెలిసింది కదూ?" అంది ఏంజలిన్.

"తెలిసిందమ్మా. సెప్తే, మార్సేసి మాటలు సెప్తన్నాడంటారు. కంసాలోడి మాట ఎవుడు నమ్ముతాడు? మీరైనా నమ్ముతారో లేదో అనుకున్నాను. అందుకే మూసుకుని పని సేసినాను."

సత్యవాణి హారం తెచ్చి, తప్పయిపోయిందని, దీని కొక్కెం కూడా అతన్నే బాగుచెయ్యమని రెండు చేతులతో అతనికి అందించింది. నూకరాజు తీసుకోలేదు.

"మీ సారీ నాకొద్దమ్మా. మాస్టారి మాట అందరూ నమ్ముతారు కదా. ఆరిని మూడు రోజులు నా కొట్లో కూకోమనండి. సాలు."

సోమవారం మాస్టారు కొట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదటిరోజు జనం రోడ్డు మీంచే చూసి వెళ్లారు. రెండోరోజు, జరిగిందేమిటో మాస్టారే స్వయంగా వాట్సాపులో రాశారు. సత్యవాణి పక్కన కూర్చుని, ఒక్క ముక్క తగ్గినా మళ్లీ రాయించింది.

మూడోరోజు సాలువా నుంచి ఒక పోలీసాయన భార్య ఉంగరం సాగదీయించుకోవడానికి వచ్చింది. దాన్ని నూకరాజుకిచ్చి, మాస్టారి వైపు వంగి గుసగుసగా, "దాదా, కాస్త చూస్తూ ఉండండి," అంది.

మాస్టారు లేచారు. కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని, కొట్టుకి వీపు పెట్టి కూర్చున్నారు.