మడత విప్పితే

ఆఫీసులో ఆమెను అందరూ చుక్కలక్క అంటారు. అనువాదాల పని ఆమెది. ఏం రాసినా ముందు నక్షత్రం గుర్తు పెట్టి మొదలుపెడుతుంది, నక్షత్రమన్నా చుక్కే కదా! ఆమె కంప్యూటర్లో రాసుకోవడానికి వాడే ఎడిటర్ పద్ధతి అది. ఒక నక్షత్రం పెడితే పెద్ద శీర్షిక, రెండు పెడితే దాని కింద చిన్నది, మూడు పెడితే ఇంకా లోపలిది. రాసింది పెరిగిపోతే శీర్షిక మీద ట్యాబ్ మీట నొక్కడమే. కింద ఉన్నదంతా దుప్పటి మడతపెట్టినట్టు లోపలికి పోతుంది. ఇక్కడ ఇంకా ఉంది అని చెప్పడానికి పక్కన మూడు చుక్కలు మిగులుతాయి. మళ్ళీ ట్యాబ్ నొక్కితే మడత విప్పుకుంటుంది.

మెయిళ్లు కూడా అందులోనే రాసుకునేలా ఏర్పాటు చేసిపెట్టింది తమ్ముడు. "మడతపెడితే నీకే కనపడదక్కా. అవతలివాళ్లకి మొత్తం విప్పే వెళ్తుంది" అని నేర్పిన రోజే చెప్పాడు. చెవిన పెడితేగా! అత్తగారికి రాసిన మెయిల్లో 'మీ ఆరోగ్యం' అనే శీర్షిక కింద ఆవిడ మీదున్న కసంతా కక్కేసి, మడతపెట్టి, చల్లగా పంపేసింది. ఆ తర్వాత అత్తగారి ఆరోగ్యం ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడికే రాస్తోంది. మేడ మీది ఈ అద్దె ఇంట్లోకి దిగి ఇంకా సామాన్లు కూడా సర్దుకోలేదు. భర్త డ్యూటీ మీద పక్క ఊరు వెళ్ళాడు. నాలుగేళ్ల పాపకి పొద్దుటి నుంచి ఒళ్ళు కాలిపోతోంది. మందు వేసి పడకగదిలో పడుకోబెట్టి, ఫోన్ అక్కడే ఛార్జింగ్‌కి పెట్టి, తను హాల్లోకి వచ్చి కూర్చుంది. బయట మబ్బు కమ్మేసి పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. కొత్త ఇంట్లో పిల్లతో ఒంటరిగా ఉండాలంటే ఆమెకు బెదురుగానే ఉంది. ఆ మాట పైకి చెప్పుకోలేక, ఇల్లు ఎలా ఉందో రాసి, చివర్న సాయంత్రం ఓసారి రమ్మని అడుగుదామనుకుంది. ముందు శీర్షికలు వరసగా పెట్టుకుంది.

* ఇల్లు
** మెట్లు
** హాలు
** పడకగది

వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్లు తాగి వచ్చేసరికి 'మెట్లు' పక్కన మూడు చుక్కలున్నాయి.

అక్కడ తనింకా ఏమీ రాయలేదే? ట్యాబ్ నొక్కింది.

తడిగా ఉన్నాయి. ఎక్కాను.

తడిగా ఉన్నాయనే వరకూ సరే, తనే రాసి మరిచిపోయి ఉంటుంది. ఎక్కడమేమిటి? తమ్ముడు ఎక్కడి నుంచో తన కంప్యూటర్లోకి దూరి ఆటపట్టిస్తున్నాడనుకుంది. వాడికి చిన్నప్పటి నుంచీ ఇదే పని. "రానీ, చెవులు మెలిపెడతా" అని పైకే అనేసింది.

అప్పుడే వాసన తగిలింది. బకెట్లో నానబెట్టి మరిచిపోయిన బట్టల వాసన. ఆమె వెనక, వీధి తలుపు వైపు నుంచి వస్తోంది.

తెర మీద 'హాలు' పక్కన మూడు చుక్కలు వచ్చాయి. ఆమె చేతులు మీటల మీద లేవు.

నొక్కకూడదనే అనుకుంది. వేలు మాట వినలేదు.

నీ వీపు కనపడుతోంది.

కదలకుండా కూర్చుంది. ఎక్కడా చప్పుడు లేదు... వాసన మాత్రం దగ్గరికొచ్చింది. భుజం పక్కకి. చెంప దగ్గరికి... ఆమెను దాటింది.

తల తిప్పి చూసింది. ఎవరూ లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది.

మళ్ళీ తెర వైపు తిరిగేసరికి 'పడకగది' పక్కన మూడు చుక్కలు.

ఈసారి విప్పలేదు. పైన 'వెంటనే రా' అని రెండు ముక్కలు రాసి, పంపేసి, లోపలికి పరిగెత్తింది.

పాప ముడుచుకుని పడుకునే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె పిల్లనీ ఫోన్నీ లాక్కుని, గడియ తీసి, బయటపడింది. పై మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. మెట్లు పొడిగా ఉన్నాయి. బయట ఒక్క చినుకైనా పడలేదు.

పిల్లని ఒళ్ళోకి తీసుకుని అక్కడే కూర్చుంది. పాప నుదురు ఆమె మెడకు తగిలింది. చల్లగా ఉంది. జ్వరం దిగింది! పోయిన ప్రాణం లేచి వచ్చింది. తన భయమే తనను ఆడించిందేమో అనిపించి నవ్వబోయింది.

ఫోన్ మోగింది.

"అక్కా..." తమ్ముడు గుసగుసగా అన్నాడు. "ఏంటీ మెయిలు?"

"అందులోది నువ్వు రాసింది కాదట్రా?"

"నేనెందుకు రాస్తాను? మీటింగ్ మధ్యలో లేచి వచ్చా. పాప ఎక్కడుంది?"

"నా ఒళ్ళోనే. జ్వరం కూడా తగ్గింది." ఆమె గొంతు తగ్గించింది. "పడకగది కింద ఏముంది? నేను విప్పలేదు."

"ఇంకో శీర్షిక ఉంది. మూడు నక్షత్రాలు. 'పాప' అని. దాని కింద... 'ఇక్కడ వెచ్చగా ఉంది. పడుకున్నాను' అని ఉంది."

ఆమె చెయ్యి పాప పాదాల మీదికి వెళ్ళింది. పొద్దుటి నుంచి మంచం దిగని పిల్ల. అరికాళ్ళు తడిగా ఉన్నాయి.

"అంతేనా?"

"దాని లోపల ఇంకొకటి. నాలుగు నక్షత్రాలు. 'అమ్మ' అని. కింద ఏమీ లేదు. పక్కన మూడు చుక్కలున్నాయి... మెయిల్లో ఆ చుక్కలు రావక్కా. ఎప్పుడూ రావు. అక్కా... వింటున్నావా?"

వింటోంది. పాప కళ్ళు మూసుకునే ఉంది. చిన్న చూపుడువేలు వచ్చి తల్లి మణికట్టు మీద ఆనింది. మీట నొక్కినట్టు మెల్లగా నొక్కింది. కాసేపు ఆగింది.

మళ్ళీ నొక్కింది.